శాలువాలోని పత్తి

సిరివాడ అనే చిన్న రాజ్యం, పెద్ద రాజ్యమైన మహాగిరితో సుంకాలు ఎత్తివేసే ఒప్పందం చేసుకుంది. ఇక తమ చీరలకు గిరాకీ పెరుగుతుందని నేతగాళ్లు సంబరపడ్డారు. కానీ మహాగిరి సరిహద్దులో అధికారులు అడ్డుపడ్డారు. "రంగు వేరే దేశం నుంచి తెచ్చారు. కాబట్టి ఇవి సిరివాడ చీరలు కావు, సుంకం కట్టాల్సిందే" అన్నారు. చీరలన్నీ తిరిగొచ్చాయి. సిరివాడ పత్తి మాత్రం ఏ అడ్డూ లేకుండా మహాగిరికి తరలిపోయింది. నేతవీధిలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

ఏడాది తిరిగాక మహాగిరి రాయబారి సభకు వచ్చి, తమ దేశపు శాలువా అంటూ సిరివాడ రాజుకు కానుక అందించాడు. మొర చెప్పుకోవడానికి వచ్చిన నేతగత్తె చెంగమ్మ చేతులు జోడించింది.

"ప్రభూ, సుంకం లేకుండా దాన్ని రానివ్వకండి. అది మహాగిరిది కాదు."

"మా మగ్గం మీద నేసిందే!" రాయబారి మండిపడ్డాడు.

"పత్తి మాదే కదయ్యా? రంగు బయటిదైతే మా చీర మాది కాకుండా పోయింది. పత్తే బయటిదైతే మీ శాలువా మీదెలా అవుతుంది?"

రాజు శాలువాను రాయబారికి తిరిగి ఇచ్చేసి, "ఆ నియమం ఉంచుతారా, తీసేస్తారా? ఉంచితే ఇద్దరికీ ఉండాలి" అన్నాడు. రాయబారి తన రాజు తరఫున అక్కడికక్కడే ఆ నియమం కొట్టేశాడు.

ఆ నెలలోనే చీరలు సరిహద్దు దాటాయి. మగ్గాలు అమ్ముకుని వలసపోయిన ఇరుగుపొరుగును వెనక్కి పిలవడానికి చెంగమ్మ ఊరూరా తిరిగింది. సగం మందే దొరికారు.