మైనం దారం

టేపు ఉండగా ఈ దారం ఎందుకని గదా అడిగావు, అదే చెప్తన్నా... రా అన్నా, నువ్వూ కూర్చో. ఆ బ్యాటరీ మీద కాదు, యాసిడ్ కారతంది, ప్యాంటుకి చిల్లులు పడతాయి. ఆ టైరు మీద కూర్చో.

ఈ దారం పని నాది కాదన్నా. మా జిలానీ ఉస్తాదుది. వినుకొండలో కార్ల కరెంటు పనికి ముందు ఆయన పేరు చెప్పాకే ఇంకొకరి పేరు చెప్పేవాళ్ళు. మన ఎండలకి టేపు జిగురు కరిగి జారిపోద్ది. అందుకని రెండు వైర్లు మెలేసి, టంకం పెట్టి, మీద నూలు దారం బిగించి చుట్టి, కొవ్వొత్తి మైనం రుద్దేవాడు. బండి తుప్పు పట్టి పోవాల్సిందే గానీ ఆ కట్టు ఊడదు.

ఆయన కుడి బొటనేలు ఎప్పుడో ఫ్యాను బెల్టులో పడి పోయింది. అందుకని దారం ఎడమకి తిప్పేవాడు. మేము ఆయన్ని చూసి ఎడమకి తిప్పబోతే చేతి మీద ఒక్కటిచ్చేవాడు. "నాకంటే వేలు పోయిందిరా, నీకేం పోయింది?" అనేవాడు. అట్టా మేము కుడికి నేర్చుకున్నాం.

ఇంకొక కట్టుబాటు ఉండేది మా షెడ్డులో. ఎవరు కట్టింది వాళ్ళే విప్పాలి. లోపల ఏ వైరు ఏ దారిన పోయిందో కట్టినోడికే తెలుసుద్దని. ఉస్తాదు కట్టు అడ్డమొస్తే పని ఆపి ఉస్తాదుని పిలవాల్సిందే. ఆయన అన్నం తింటన్నా సరే, ఎంగిలి చేత్తో వచ్చి విప్పి పోయేవాడు.

మేము అంటే నేనూ, ప్రభుదాసన్నా. నాకంటే చానా ముందు చేరాడు ఆయన. నాకు నోరు లేదు, ఎవరన్నా గట్టిగా అడిగితే స్పానరు కింద పడేస్తా. ప్రభుదాసన్న అట్టా కాదు. బండి దిగకముందే ఓనర్ని నవ్వించేవాడు. ఉస్తాదు క్యారేజీలో సగం ఆయనకే. బిడ్డల్లేని మనిషి గదా.

ఆ ప్రభుదాసన్న టాక్సీ స్టాండు కాడ సొంత షాపు పెట్టాడు. శిష్యుడు షాపు పెడితే మొదటి బ్యాటరీకి వైరు ఉస్తాదు చేత్తో బిగించాలి, మాకు అదొక పద్ధతి. ఆ పొద్దు ఉస్తాదు ఉతికిన చొక్కా ఏసుకున్నాడు. కొత్త దారం రీలు జేబులో పెట్టుకున్నాడు.

అక్కడ చూస్తే షామియానా ఏశారు. ఎవరో లీడరు వచ్చి స్విచ్చి నొక్కాడు, చప్పట్లు కొట్టారు. ప్రభుదాసన్న ఆయన ఎనకాలే తిరగతన్నాడు. మమ్మల్ని చూశాడు, "ఇప్పుడే వస్తా ఉస్తాద్" అన్నాడు, రాలేదు. ఎవరో పిల్లోడు ఉస్తాదు చేతిలో పేపరు గ్లాసు పెట్టి పోయాడు. ఆయన టీ తాగాడు. గ్లాసు నలిపి జేబులో ఏసుకున్నాడు. ఆ జేబులోనే రీలు.

తర్వాత నేను ఒకసారి అడిగా. "ఉస్తాద్, ప్రభుదాసన్న మీద కోపమా?"

"ఎవరు ప్రభుదాసు?" అన్నాడు.



పోలయ్య అని స్టాండులో ఒకాయనకి పాత అంబాసిడర్ ఉండేది. పేరుకే అంబాసిడర్. లోపల వేరే బండి డీజిల్ ఇంజను దించాడు. ముందర నాలుగు లైట్లు, సీటు కింద పాటల డబ్బాలు, నెత్తి మీద ఫ్యాను. పెళ్ళికూతురికి నగలు పెట్టినట్టు పెట్టాడు. ఆ పనంతా ప్రభుదాసన్నే చేశాడు, స్టాండు మొత్తం వచ్చి చూసింది. దాన్ని చూసే మిగతా బళ్ళన్నీ ఆయన షాపుకి పోయినాయి.

ఒకసారి ప్రభుదాసన్న ఊళ్ళో లేనప్పుడు హారను మోగట్లేదని పోలయ్య మా కాడికి వచ్చాడు. ఉస్తాదు నన్ను టీకి పంపించి ఆయనే చేశాడు.

ఆ తర్వాత వచ్చిన ఎండాకాలం ఆ బండికి రోగం పట్టుకుంది. రోజూ తిరిగితే బానే ఉంటది. మూడు నాలుగు రోజులు కిరాయి లేక ఆగిందా, ఇంక అంతే. తాళం తిప్పితే సెల్ఫ్ టక్ మంటది, ఊరుకుంటది. నలుగురు తొయ్యాలి.

ప్రభుదాసన్న బ్యాటరీ మార్చాడు. డైనమో చార్జింగు చూశాడు, బాగుంది. సెల్ఫ్ మోటారు విప్పి లోపలి కార్బన్ బొగ్గులు మార్చాడు. తను పెట్టిన పాటల డబ్బాలు, ఫ్యాను తనే పీకేశాడు. మళ్ళీ నాలుగు రోజులకి టక్.

స్టాండోళ్ళ నోళ్ళు తెలుసు గదా. "పోలయ్యా, నీ బండికి డీజిలు వద్దు, తోసే కూలోళ్ళకి ఇడ్లీలు పెట్టు చాలు" అనేవాళ్ళు. ముందు పోలయ్యని నవ్వారు. తర్వాత ప్రభుదాసన్నని నవ్వారు. ఒకరెనక ఒకరు బళ్ళు తిప్పుకోని మళ్ళీ మా షెడ్డుకి వచ్చారు. నాకు లోపల్లోపల బాగానే ఉండేది.

ఒకనాడు మిట్టమధ్యాన్నం ప్రభుదాసన్న ఆ అంబాసిడర్‌ని తోపించుకోని మా షెడ్డు ముందరకి తెచ్చాడు. మనిషి సగమయ్యాడు. గడప లోపలికి రాలేదు.

"ఉస్తాద్, మీరొక్కసారి చెయ్యి పెట్టండి. చాలు" అన్నాడు.

ఉస్తాదు బ్యాటరీలో నీళ్ళు పోస్తన్నాడు. తల ఎత్తలా. "పెద్ద షాపోళ్ళకి నా చెయ్యెందుకు. అంకా, సారుకి టీ తెప్పించు. పేపరు గ్లాసులో."

నేను కదల్లా. ప్రభుదాసన్న ఆ ఎండలో చానాసేపు నిలబడ్డాడు. షెడ్డు నీడ జరిగి బానెట్ మీదికి వచ్చిందాకా నిలబడ్డాడు. తర్వాత తోసినోళ్ళనే పిలిచి మళ్ళీ తోపించుకోని పోయాడు.

తెల్లారి పోలయ్య బండి తీసేసుకున్నాడు, ఇంక ముట్టుకోబాకన్నాడు. కొన్నాళ్ళకి ఆ షాపు షట్టరు పడింది. ప్రభుదాసన్న హైదరాబాదులో ఎవరి షాపులోనో కూలికి చేరాడని తెలిసింది. భార్యనీ పిల్లనీ అత్తగారింట్లో దించి పోయాడంట.

ఉస్తాదుకి ఆ సంగతి నేనే చెప్పా. ఆయన ఆ పూట క్యారేజీ తెరవలా. కడుపులో బాలేదన్నాడు.

ఇంక ఆ బండి ఎవరి కాడికి పోద్ది, తోపించుకోని మా కాడికే వచ్చింది. శుక్రవారం. ఉస్తాదు జుమ్మా నమాజుకి పోయున్నాడు. "నువ్వే చూడరా, ఎంతసేపు కూర్చోను" అన్నాడు పోలయ్య.

షెడ్డులో చార్జింగు ఎక్కిన బ్యాటరీ తెచ్చి పెట్టా. మైనస్ వైరు ఊడదీసి, బ్యాటరీకీ వైరుకీ మధ్యలో చిన్న బల్బు కలిపా. తాళం నా జేబులో ఉంది, తలుపులు ఏసున్నాయి. అన్నీ కట్టేసిన బండిలో ఆ బల్బు వెలగకూడదు. వెలిగిందంటే లోపల ఎవరో కరెంటు తాగతన్నట్టు.

చెయ్యి అడ్డం పెట్టి చూశా. బీడీ కొసలాగా ఎర్రగా ఉంది.

ఫ్యూజులు ఒక్కోటి పీకా. బల్బు ఆరలా. అన్నీ పీకేశా. అయినా ఆరలా. అంటే ఫ్యూజు కంటే ముందే, బ్యాటరీ నుంచి వచ్చే పెద్ద వైరుకే ఎవరో తగిలించారన్నమాట.

డ్యాష్‌బోర్డు కింద పడుకోని ఊరికే ఒక్కోటి తడిమా. ఇనుము, రబ్బరు, దుమ్ము. లోపలెక్కడో ఒక పాత రిలే, స్విచ్చి పని చేసే చిన్న డబ్బీ, చేతికి తగిలింది. వెచ్చగా ఉంది. రాత్రి నుంచీ కట్టేసున్న బండి. దానికి ఆ టైములో వెచ్చగా ఉండే పనేముంది? దాని వైరు పట్టుకోని పోయా. పాత వైర్ల కట్టలోకి దూరింది. అక్కడ నూలు దారం, మైనం.

నాకు ఒళ్ళు మండింది. ఈ కట్టు ఊళ్ళో మా ముగ్గురికే వచ్చు. నేను కట్టలా. ఉస్తాదు మాట అనుకోను కూడా అనుకోలా. ఇంక మిగిలింది ఎవరు? బండి మళ్ళీ మళ్ళీ తన కాడికే రావాలని కట్టాడు, నలుగురి కళ్ళు పడ్డాక విప్పలేకపోయాడు, అనుకున్నా.

పోలయ్యకి అదే చెప్పా. "వాడు యాడున్నా ఈడ్చుకొస్తా. స్టాండు మధ్యలో నిలబెడతా" అని ఎగిరాడు.

అప్పుడే ఉస్తాదు వచ్చాడు, తలమీద టోపీతో. నేను ఎప్పుడూ పెద్దగా మాట్లాడనోణ్ణి, ఆ పొద్దు మాట్లాడా.

"ఉస్తాద్, దొరికింది. ప్రభుదాసన్న కట్టు. మన పద్ధతి ప్రకారం నేను కొయ్యలా. ఆయన్నే పిలిపిద్దాం. నలుగురిలో ఆయనే వచ్చి విప్పాలి."

ఉస్తాదు టోపీ తీశాడు. నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. యాడ ఉందని నన్ను అడగలా.

ముందు సీట్లోకి పోయి పడుకోని, డ్యాష్‌బోర్డు కింద తల పెట్టాడు. టార్చి ఇయ్యబోయా. తీసుకోలా. చెయ్యి సీదాగా పోయింది. నాకు గంట పట్టింది అది ఎతకటానికి.

బ్లేడుతో కోస్తే క్షణం పని. ఆయన కొయ్యలా. ఎడమ చేత్తో ఒక్కో చుట్టూ విప్పాడు. కడాకి రెండు వైర్లు ఇడిపోయినాయి. నా చేతి నీడలో బల్బు ఆరిపోయింది.

ఆ దారం తెచ్చి బానెట్ మీద పెట్టాడు. మైనం పట్టిన దారం గదా, ఎట్టా చుట్టారో అట్టాగే నిలబడింది, స్ప్రింగు లాగా. నేను దాన్నే చూస్తన్నా. ఎడమకి తిరిగి ఉంది.

నన్ను టీకి పంపించిన ఆ హారను పని గుర్తొచ్చింది.

పోలయ్యకి అర్థం కాలా. "ఏందయ్యా, వాడు విప్పాల్సింది నువ్వు విప్పావేంది?"

"ఎవరు కట్టింది వాళ్ళే విప్పాలి, పోలయ్యా" అన్నాడు ఉస్తాదు.

పోలయ్య ఆ మొహాన్నీ నా మొహాన్నీ చూశాడు. కాసేపు పట్టింది ఆయనకి. తిట్టలా. నా జేబులోంచి తాళం లాక్కోని, ఫ్యూజులూ వైరూ బిగించమని సైగ చేశాడు. మొదటి తిప్పుకే ఇంజను అందుకుంది. దుమ్ము లేపుకుంటా పోయాడు. స్టాండులో ఏం చెప్పాడో గానీ మర్నాటి నుంచి ఒక్క బండి రాలా.

ఉస్తాదు గడప మీద కూర్చున్నాడు. "అంకా, వాడికి ఫోను కలుపు" అన్నాడు. ఎవరికని నేను అడగలా. స్పీకరు పెట్టి ఫోను ఆయన మోకాలి మీద పెట్టా.

"ఉస్తాద్, మీరేనా?" అన్నాడు ప్రభుదాసన్న. ఎనకాల సుత్తి దెబ్బలు.

"పోలయ్య బండిలో ఆ కట్టు నాదిరా" అన్నాడు ఉస్తాదు.

సుత్తి దెబ్బలు దూరమైనాయి. ప్రభుదాసన్న పక్కకి పోయాడనుకుంటా. తిడతాడనుకున్నా. ఉస్తాదు కూడా తిట్టించుకోటానికే కూర్చున్నట్టు తల వంచుకోని కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది. ఆయన అన్న మాట ఉన్నదున్నట్టు చెప్తన్నా, నేను ఒక్క ముక్క కలపట్లా.

"చూశా ఉస్తాద్. దారం ఎడమకి తిప్పి ఉంది. మీరే విప్పుతారని బండి తోసుకొచ్చా."