రాజుగారి ఉపవాసం

అనగనగా... ఉండండర్రా, ముందు కాళ్ళు కడుక్కొచ్చారా? సరే, ఊ కొట్టండి. అనగనగా ఏడూళ్ళ రాజ్యం, ఆ ఏడూళ్ళకీ ఒక్కడే రాజు. పేరు భోగరాజు. పేరుకి తగ్గ పొట్ట. పొద్దున్నే నేతిలో వేగిన గారెలు, మధ్యాహ్నం పది ముక్కల వేటమాంసం, రాత్రికి మళ్ళీ పది ముక్కలు. పచ్చగా ఉన్నదేదీ ఆయన ముందుకి రాకూడదు, ఒక్క విస్తరాకు తప్ప!

ఆయనోసారి కాశీ వెళ్ళాడు. కాశీకెళ్ళినవాళ్ళు తమకి ఇష్టమైన కాయ ఒకటి అక్కడ వదిలేసి, ఈ జన్మలో మళ్ళీ ముట్టమని గంగమ్మకి మొక్కుకుంటారు కదా. ఇష్టమైంది వదలాలర్రా, అదీ మొక్కంటే. ఈ మహానుభావుడేం వదిలాడు? పొట్లకాయ! పుట్టి బుద్ధెరిగాక నోట పెట్టని పొట్లకాయ! ఆ దొంగ ఎత్తు రుచి మరిగాడు. ఇంటికొచ్చాక దోసకాయ వడ్డిస్తే, అయ్యో, అదీ కాశీలో వదిలేశానే అన్నాడు. ముల్లంగి వడ్డిస్తే ముల్లంగీ వదిలేశానే. బెండకాయ వడ్డిస్తే బెండకాయా వదిలేశానే. కాశీలో గంగ నిండా ఈయన కూరగాయలే తేలుతుండాలి మరి. ఊ కొడుతున్నారా?

అలా తిని తిని, ఊరి ఊరి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఆ రాజ్యంలో ఒక ఆచారముంది. దసరానాడు రాజు కత్తి పట్టుకుని, తన కాళ్ళతో తాను కొండెక్కి, పైనున్న జమ్మిచెట్టుకి పూజ చెయ్యాలి. ఎక్కలేకపోతే, కొడుకున్నా సరే, ఆ కత్తి బావమరిదికిచ్చెయ్యాలి. కత్తితోపాటే కిరీటమూను. ఆ ఏడాది ఇద్దరు బంట్లు వెనకనించి నెడితే ఎక్కాడు. బావమరిది రంగప్ప పక్కనే నడుస్తూ, జాగ్రత్త బావా జాగ్రత్త, అంటూనే ఉన్నాడు. ఎంత ప్రేమో!

ఉగాది వెళ్ళాక వైద్యుడొచ్చి నాడి చూసి, ఆకులూ కాయలూ తినకపోతే కొండ సంగతి దేవుడెరుగు, వచ్చే దసరా చూడ్డమే కష్టమన్నాడు. రాజు రేపట్నుంచి మాంసం బంద్ అని పొద్దున్న దండోరా వేయించాడు. మధ్యాహ్నం వంటింట్లోంచి మసాలా వాసనొచ్చింది. సాయంత్రానికి పొద్దుటి దండోరా చెల్లదని ఇంకో దండోరా. మీ తాతయ్యా అంతేగా, చుట్ట రేపట్నుంచి మానేస్తానంటారు. ఆ రేపు నా పెళ్ళప్పట్నుంచీ రాలేదు.

రాజుకో కోడలుంది, నాంచారమ్మ. తండ్రి లేని పిల్ల. మామగారే తండ్రనుకుంది, ఆయనా అలాగే చూసుకున్నాడు. ఓ రోజు ఆయన ఆ పిల్ల దగ్గర కూలబడి ఏడ్చేశాడు.

"అమ్మాయ్, నేను వదిలింది ఒక్క పొట్లకాయేనే. మిగతావన్నీ అబద్ధం. ఇప్పుడు తింటే రంగప్ప నన్ను మొక్కు తప్పినవాడని కొలువులో నిలబెడతాడు. తినకపోతే చస్తాను."

నాంచారమ్మకి ఏం చెయ్యాలా, ఏం చెయ్యాలా అని రెండ్రోజులు నిద్ర లేదు. మూడోనాడు ఏకాదశి. అత్తగారు కటిక ఉపవాసమంటూ కూర్చుని, నానబోసిన పెసరపప్పు గిన్నెడు, కొబ్బరి చిప్పెడు, అరటిపళ్ళు నాలుగూ లాగించింది. అదేంటత్తయ్యా అంటే, పొయ్యెక్కనిది తింటే తిన్నట్టు కాదే పిచ్చిదానా, అంది.

అంతే! ఆ మధ్యాహ్నమే నాంచారమ్మ నిండు కొలువులో పురోహితుణ్ణి అడిగింది. పొయ్యెక్కనిది తింటే తిన్నట్టా, కాదా అని. పాపం, ఆయనా ఆ పూట ఉపవాసమే. పొద్దుట్నించీ నాలుగుసార్లు ఫలహారం చేసొచ్చాడు. పొట్ట తడుముకుని, తిన్నట్టు కాదమ్మా, ముమ్మాటికీ కాదన్నాడు. రంగప్ప తల్లీ ఉపవాసాలుండేదే, ఇంకేం మాట్లాడతాడు?

తిన్నట్టు కానప్పుడు మొక్కు తప్పినట్టూ కాదు! మర్నాడు మాంసానికి ముందు నాంచారమ్మ గుప్పెడు పచ్చి దోసకాయ ముక్కలు పెట్టింది, నానబోసిన పెసరపప్పూ మామిడి కోరూ కలిపి. ఇది లెక్కలోకి రాదు మామయ్యగారూ, అంది. లెక్కలోకి రాదుగా అని ఆయన నమిలేశాడు. వారానికి గుప్పెడు దోసెడైంది, దోసెడు గిన్నెడైంది, గిన్నెడు పళ్ళెమైంది. లేత బెండకాయ, ముల్లంగి, పచ్చి వేరుశెనగ, కొత్తిమీర. మాంసం మానమని ఒక్క మాటనలేదు ఆ పిల్ల. పొట్టలో చోటుంటేగా! పది ముక్కలు ఎనిమిదయ్యాయి, ఎనిమిది ఆరు, ఆరు నాలుగు. రాజుకేమో ఆ నాలుగు ముక్కలు తప్ప తను తినడమే లేదని నమ్మకం. ఎంత తపస్సు చేస్తున్నానో చూశావా, అని రాణిగారితో గొప్పలు.

దసరా వచ్చింది. కత్తి పట్టుకుని బయల్దేరాడు. సగం కొండ దగ్గర ఆగాడు. కింద నాంచారమ్మ కళ్ళకి చెయ్యడ్డం పెట్టుకుని పైకి చూసింది. ఆయన చెమట తుడుచుకుని మళ్ళీ అడుగేశాడు. జమ్మి పూజా చేశాడు, తన కాళ్ళతోనే దిగొచ్చాడు. రంగప్ప ఇంకా పైనే రొప్పుతున్నాడు. నాంచారమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చేసింది, సంతోషంతో.

రాజేమన్నాడు? ఆర్నెల్లు పచ్చి మంచినీళ్ళతో ఉపవాసముండి ఈ బలం సాధించానని! జనం కాళ్ళ మీద పడ్డారు. కోడలి మాట ఒక్కడూ ఎత్తలేదు. ఆవిడకి కోపం రాలేదా అంటారా? మనిషి దక్కాడర్రా, పేరుదేముంది.

ఆ మధ్యాహ్నం విందు. వంటవాడు వద్దన్నా వినకుండా పది ముక్కలూ వేశాడు. రాజు రెండు తిని, అటూ ఇటూ చూసి, కోడల్ని పిలిచి చెవిలో అన్నాడు:

"అమ్మాయ్, ఆకలేస్తోందే. కాస్త ఉపవాసం వడ్డించు."

అదర్రా సంగతి. మంచి అలవాటుని మేళతాళాలతో పిలిస్తే రాదు, పెరటి తలుపు ఓరగా తీసి ఉంచితే అదే వస్తుంది. రాజు పళ్ళెం రాజుకి, రంగప్ప ఆయాసం రంగప్పకి. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పటి దారి పట్టండి.