సీసాలో పోసిన నీళ్ళు

నేనింతవరకు కథ రాసి ఎరగను. చదివింది అయిదో తరగతి. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మందుల ఫ్యాక్టరీ పక్కనున్న ఒక కాలనీలో, ఎదుటివాళ్ళు ఏమనుకుంటారోనని ప్రతిదానికీ సిగ్గుపడే పైడమ్మ అనే ఆవిడ ఉండేది. అక్కడి కుళాయి నీళ్ళు కొన్నాళ్ళుగా కిరసనాయిలు వాసన కొడుతున్నాయి. అందరూ కలిసి అర్జీ పెట్టారు. పరీక్ష తేలేదాకా తాగడానికి రోజూ ట్యాంకరు వచ్చేది.

ఒక మధ్యాహ్నం నీళ్ళ ఇంజనీరు పరీక్షకని సీసా పట్టుకొచ్చాడు. అది కుళాయి రాని వేళ. వీధిలో మొదటి ఇల్లు పైడమ్మది.

"పొద్దున పట్టిన కుళాయి నీళ్ళుంటే ఇందులో పొయ్యమ్మా" అన్నాడు.

పైడమ్మ బిందె మూత తీసింది. వాసన గుప్పుమంది. ఇంటికొచ్చిన పెద్దమనిషి చేతిలో ఈ కంపు పెట్టడమా అని ఆమెకు ప్రాణం చచ్చిపోయింది. లోపలికెళ్ళి ట్యాంకరు నీళ్ళ కుండలో ముంచి సీసా నింపుకొచ్చింది.

"కుళాయివేనా?"

"ఆఁ బాబూ" అంది తల వంచుకుని.

పక్షం దాటాక, నీళ్ళలో దోషం లేదని పంచాయతీ గోడకు కాగితం అంటించారు. మర్నాటి నుంచి ట్యాంకరు రాలేదు.

"మన ముక్కులే పాడయ్యాయేటో వదినా. సర్కారు ముక్కుకి వాసనే తగల్లేదట" అని పక్కింటి దాలమ్మ నవ్వింది. అప్పుడైనా చెప్పాల్సింది. పైడమ్మ కూడా నవ్వి ఊరుకుంది.

మూడు నెలలకు దాలమ్మ మనవరాలికి ఒళ్ళంతా ఉబ్బింది. నాలుగేళ్ళ పిల్ల. పైడమ్మ పట్నం ఆసుపత్రికి చూడ్డానికి వెళ్ళింది.

"కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఏ నీళ్ళు పడుతున్నారు?" అని డాక్టరమ్మ అడుగుతోంది.

"కుళాయివేనమ్మా. మంచివని కాయితం అంటించారు కదా. లేపోతే పసిదానికి పడతామా?" అంది దాలమ్మ.

పైడమ్మ పిల్ల కాలు నిమిరింది. వేలు ఆనిన చోట గుంట పడి, అలాగే ఉండిపోయింది.

"తప్పు నాది వదినా. ఆవేళ నేను సీసాలో పోసినవి ట్యాంకరు నీళ్ళు" అంది.

"నాతో చెప్తే ఏటి లాభం? సీసా పట్టుకెళ్ళినాయనతో చెప్పు" అని దాలమ్మ ముఖం తిప్పుకుంది.

మర్నాడు పొద్దున్నే కుళాయి రాగానే పైడమ్మ సీసా నింపింది. ఇంజనీరు ఆఫీసుకు నడిచివెళ్ళి, పదిమంది చూస్తుండగా బల్లమీద పెట్టి, "మా కుళాయి నీళ్ళు ఇవీ బాబూ. ఆవేళ అబద్ధమాడాను" అంది.

పరువు కోసం చెడును దాచితే, అది ఏ పాపమూ ఎరగనివాళ్ళ గొంతులోకి దిగుతుంది.