కొర్రల ఓబులేసు చెప్పులు

వకుళమ్మ గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆవిడ ముందు చెప్పులు వెతుక్కుంటారు. పుస్తకం తెరవరు, కళ్లు మూసుకోరు. లేచి, అరుగు కింద కాలితో తడిమి, చెప్పులు దొరికాక "పద" అంటారు. అడిగినవాళ్లు వెంట నడవాలి. ఎక్కడికని అడిగితే ఇంకో ప్రశ్న అడిగినట్టే, ఇంకాస్త దూరం నడవాల్సి వస్తుంది. కర్నూలులో పిల్లలకు ఆహారశాస్త్రం బోధించి రిటైరైన మనిషి. ఉద్యోగంతోపాటు పాఠం చెప్పడం కూడా మానేశారని కొందరంటారు. ఆవిడ వెనక నడిచినవాళ్లం మాత్రం ఆ మాట అనం.

సుధన్వ ఆవిడ శిష్యుల్లో అందరికంటే చురుకైనవాడు, అందరికంటే తొందర ఉన్నవాడు. వాళ్ల నాన్న షుగరు జబ్బుతో ముందు చూపు పోగొట్టుకున్నాడు, తర్వాత ప్రాణం. ఏం తినాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు, చెప్పినవాళ్లూ లేరు. అది సుధన్వ గొంతులో ముల్లులా ఉండిపోయింది. కంప్యూటరు ఉద్యోగం వదిలేసి గింజమాట అని ఒక దుకాణం పెట్టాడు. గోడలున్న దుకాణం కాదు, ఫోన్‌లో ఉండేది. కొర్రలు, అరికెలు, సామలు, గానుగ నూనె రైతుల దగ్గర కొని, ఆర్డరు పెట్టినవాళ్ల ఇంటికి పంపేవాడు. పాలిష్ పట్టిన గింజ ఒక్క బస్తాలో కనిపించినా లారీని వెనక్కి తిప్పేవాడు. "మా నాన్నకు తెలియనిది ఇంకే ఇంట్లోనూ తెలియకుండా ఉండకూడదు" అనేవాడు. ఊరికే అనే మాట కాదది. అందుకే ఆవిడకు అతనంటే ప్రేమ.

ఆ రోజు జరిగింది నాకు ఇద్దరూ చెప్పారు, వేరువేరుగా. తేడా ఒక్కటే. ఆవిడ తన మాటలు తగ్గించి చెప్పారు, అతను తన మాటల్లో ఒక్కటీ దాచలేదు.

శ్రావణమాసం, పొద్దున్నే వచ్చాడు. కారు ఆపి, తాళం తీయకుండానే అరుగు ఎక్కాడు.

"అమ్మా, మంచి వస్తువు గురించి గట్టిగా చెబితే తప్పా?"

"ఎవరన్నారు తప్పని?"

"ఆఫీసులో ఒకమ్మాయి. నిన్నటి నుంచీ ఒకటే గొడవ. ఇవాళ సాయంత్రం ఆరింటికి పండగ అమ్మకాలు మొదలవుతాయి. ఈ ప్రకటన వేయాలి. వేస్తే ఉద్యోగం మానేస్తానంటోంది." ఫోన్ చూపించాడు.

ఫోన్‌లో తెల్లచొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి, చేతిలో కంచం, మీసాల కింద నిండా నవ్వు. కింద రాసి ఉంది: "ఆర్నెల్లుగా కొర్రన్నం తింటున్నా. షుగరు మాత్రలు మానేశాను. ఓబులేసు, రిటైర్డ్ బస్సు కండక్టరు."

"ఒక్క అక్షరం నేను కలపలేదమ్మా" అన్నాడు సుధన్వ. "ఆయన నోటి మాట. ఉగాదికి చిన్నగా వేస్తేనే జనం విరగబడి కొన్నారు. ఇప్పుడు రాష్ట్రమంతా కనిపించేలా వేస్తాం. ఎన్ని ఇళ్లకు మేలు!"

"ఈయన్ని చూశావా?"

"వీడియో కాల్‌లో. బాగున్నాడు."

"ఎప్పుడు?"

సుధన్వ కొంచెం ఆలోచించాడు. "ఉగాదికి ముందు."

ఆవిడ చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. వెతుకుతూనే, "ఒకసారి ఫోన్ చెయ్. గట్టిగా వినపడేట్టు పెట్టు" అన్నారు.

ఓబులేసు వెంటనే తీశాడు. "సార్! మీరే చేసినారా! ఫస్ట్ క్లాసుగా ఉండా సార్, కోడెదూడ మాదిరి!"

"సంతోషం అండీ. ఇవాళ మీ ఊరు వద్దామని..."

అవతల గొంతు తడబడింది. "ఇవాళా? నేను ఊర్లో లేను సార్. ఆదోనిలో ఉండా, పెండ్లికొచ్చినా." ఆ వెనక నుంచే ఒక ఆడగొంతు విసుగ్గా వినిపించింది: "ఎవురది? మాటలు తర్వాత, ముందు ఆ కాలు పైకి పెట్టుకో!" ఫోన్ కట్టయింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. "ముసలాయన కదా, కాలు నొప్పేదో అయ్యుంటుంది" అన్నాడు సుధన్వ. ఆవిడకు చెప్పులు దొరికాయి.

"పద."

నంద్యాల దాటాక ఆళ్లగడ్డ వైపు, రోడ్డు మీంచి లోపలికి వెళ్లాలి. దారంతా సుధన్వ ఫోన్ మోగుతూనే ఉంది. ప్రకటన సిద్ధం, ఓకే చెప్పమని ఆఫీసు వాళ్లు. "చెబుతా, చెబుతా" అంటూ వచ్చాడు. ఊరి మొదట్లో టీ కొట్టు దగ్గర ఆపి, ఓబులేసు గారి ఇల్లు అడిగాడు.

"ఏ ఓబులేసు? కొర్రల ఓబులేసా?" అన్నాడు టీ కొట్టు పీరా. వేలు పైకెత్తి చూపించాడు. కొట్టు మీదే ఫ్లెక్సీ. అదే తెల్లచొక్కా, అదే కంచం, 'మా ఊరి ఆరోగ్యరత్నం' అని పెద్ద అక్షరాలు. "కుర్రోళ్లు చందాలేసుకొని కట్టినారు సార్. ఆయన పుణ్యమా అని మా ఇంట్లో గూడా షుగరు బిళ్లలు కుప్పలో పారేసినాం. మీరు ఆ కంపెనీ వాళ్లా? టీ తాగి పోండి, దుడ్లొద్దు."

సుధన్వ నవ్వాడు. ఆ నవ్వు కారు ఎక్కేదాకా నిలవలేదని తర్వాత చెప్పాడు.

ఓబులేసు ఇంటి గడపలో ఆయన భార్య సుంకమ్మ నిలబడి ఉంది. కారు చూడగానే రెండు చేతులూ గడపకు అడ్డం పెట్టింది. "ఆయన లేడు. ఆదోనికి పోయినాడు."

లోపల ఎవరో దగ్గారు. సుంకమ్మ తల వంచుకుంది.

వకుళమ్మ గారు మెట్టు మీద కూర్చుని, మంచినీళ్లు అడిగారు. పక్కన గోడకు ఆనించి మగవాళ్ల చెప్పులు ఒక జత ఉన్నాయి. రెంటి మీదా దుమ్ము పేరుకుంది. ఒకదాని పట్టీల మధ్య సాలెపురుగు గూడు అల్లుకుంది. ఆవిడ నీళ్లు తాగి, చెంబు ఇస్తూ అడిగారు, "పెండ్లికి చెప్పుల్లేకుండా పోయినాడా తల్లీ?"

సుంకమ్మ చేతులు గడప మీంచి జారిపోయాయి.

ఓబులేసు కుర్చీలో కూర్చుని ఉన్నాడు, ఫొటోలో ఉన్న తెల్లచొక్కాయే వేసుకుని. వాళ్ల గొంతులు విని అప్పటికప్పుడు తొడుక్కున్నట్టుంది, గుండీలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. ఎండ మండిపోతోంది, కుడికాలికి మాత్రం ఉన్ని సాక్సు. "రాండి సార్, రాండి! పెండ్లి తొందరగా అయిపోయిందిలే" అని పెద్దగా నవ్వాడు. కొర్రల ఉప్మా గురించి, కొర్రల పాయసం గురించి, ఆళ్లగడ్డ బస్టాండులో తనను గుర్తుపట్టినవాళ్ల గురించి ఆగకుండా చెప్పుకుపోయాడు. ఒక ఈగ వచ్చి ఆ సాక్సు మీద వాలింది. ఇంకొకటి వచ్చింది. తర్వాత ఇంకొన్ని. ఆయన కాలు కదపలేదు. ఈగలు వాలిన సంగతే ఆయనకు తెలియలేదు.

సుధన్వ ఆ ఈగలనే చూస్తున్నాడు. వాళ్ల నాన్నకు కూడా చివరికి కాళ్లలో స్పర్శ ఉండేది కాదు.

వకుళమ్మ గారు కింద కూర్చుని ఆ కాలు ఒళ్లోకి తీసుకున్నారు. "వద్దమ్మా, పెద్దవారు, వద్దు" అంటున్నా వినకుండా సాక్సు లాగారు. వాసన గదంతా నిండింది. బొటనవేలు పక్క వేలు నల్లబడి ఉంది. ఆ నలుపు పాదం మీదకు ఎక్కుతోంది.

ఓబులేసు నవ్వు మాత్రం ముఖం మీద అలాగే ఉండిపోయింది, దింపడం మరిచిపోయినట్టు.

"ఎన్నాళ్లనుంచి దాచినావు నాయనా?" అన్నారావిడ.

"రాయి తగిలిందమ్మా, మానుతాదిలే అనుకున్నా. మానలా. మాత్రలు మల్లా మొదలుపెడదామని మెడికల్ షాపుకి పోయినా. ఆ షాపాయప్ప నన్ను చూసి 'ఏందన్నా, కొర్రల ఓబులేసు బిళ్లలకొచ్చినాడే!' అని పకపకా నవ్వినాడు. ఉన్నోళ్లంతా తిరిగి చూసినారు. తలనొప్పి మాత్ర కావాలని చెప్పి, తీసుకొని వచ్చేసినా."

"ఇంకో ఊరు పోమంటి" అంది సుంకమ్మ. "యా ఊర్లో చూసినా ఈయన మొగమే గదా సెల్లుల్లో!"

"నాకైనా ఒక్క ఫోన్ చేయాల్సింది!" అన్నాడు సుధన్వ.

"చేసినా సార్. మీ ఆఫీసు నంబరుకే చేసినా. ఆర్డరు పెట్టాలంటే ఒకటి నొక్కు, సరుకు వాపసంటే రెండు నొక్కు అన్నాది. నాకు ఏది నొక్కాలో తెలీలా." కండక్టరుగా బతికిన మనిషి కదా, ఎవరినీ నొప్పించకుండా చెప్పడం అలవాటు. "మీ తప్పేం లేదు సార్. తొలి నెలల్లో నిజంగానే తగ్గినాది. మీ గింజ మంచిది. నేనే ఓపలేకపోతి."

ఆ చివరి మాట మీద సుధన్వ కూర్చోలేకపోయాడు. ఓబులేసును భుజం మీద వేసుకుని కారు దాకా మోసుకొచ్చాడు. దుమ్ముపట్టిన ఆ చెప్పులు సుంకమ్మ కొంగున చుట్టి తెచ్చింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

నంద్యాల ఆసుపత్రికి ఆవిడే కారు నడిపారు. వెనక సీట్లో సుధన్వ ఒడిలో ఆ కాలు. తువ్వాలుతో చుట్టి రెండు చేతులతో పట్టుకున్నాడు. టీ కొట్టు ముందు నుంచి పోతుంటే ఓబులేసు కిందికి వంగి ముఖం దాచుకున్నాడు. తన ఫ్లెక్సీ కిందనుంచే దొంగలా పోయాడు. సుధన్వ జేబులో ఫోన్ మోగి ఆగింది, మళ్లీ మోగింది. అతని రెండు చేతులూ కాలి మీదే ఉన్నాయి. వకుళమ్మ గారు అద్దంలోంచి చూశారు.

ఓబులేసే అన్నాడు, "ఎత్తండి సార్, ఏం పనో ఏమో."

సుంకమ్మ సుధన్వ జేబులోంచి ఫోన్ తీసి అతని చెవికి ఆనించింది. "సార్, ఇంకా ఓకే అనలేదు మీరు. పెట్టేయమంటారా?" అంటున్నాడు అవతల కుర్రాడు. సుధన్వ ఓబులేసు కళ్లలోకి చూశాడు. చెవికానిన ఫోన్ మాటలు ఆ కారులో అందరికీ వినబడుతున్నాయి.

"తీసెయ్. ఉగాదిది కూడా తీసెయ్. ఎక్కడెక్కడ ఉందో అన్నీ."

"సార్! అది లేకపోతే ఈ పండక్కి మనం మునిగినట్టే సార్!"

"మునగనీ."

ఓబులేసు చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. తర్వాత మెల్లగా, పక్కనున్న భార్యకు కూడా వినపడనట్టు అడిగాడు. "తీసేస్తే మరి ఊర్లో నన్నేమంటారు సార్?"

సుధన్వ జారుతున్న తువ్వాలును కాలికి మళ్లీ చుట్టాడు.

డాక్టరు చూసి, కోపంగా ఏదో అనబోయి, సుధన్వ ముఖం చూసి ఆగాడు. "వేలు దక్కదు. కాలు నిలబెట్టడానికి చూస్తా. ఇంకాస్త ఆగి వచ్చుంటే మోకాలి దాకా అడిగేవాణ్ణి" అన్నాడు. స్ట్రెచరు లోపలికి పోతుంటే ఓబులేసు, పాత అలవాటే కాబోలు, రెండు వేళ్లు నోట్లో పెట్టి చిన్నగా విజిలేశాడు, రైట్ రైట్ అన్నట్టు. సుంకమ్మ నవ్వింది. వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది.

ఆపరేషను ముగిసి, కాలు నిలిచిందని చెప్పేసరికి బయట ఇంకా వెలుతురుంది. సుధన్వ వరండాలోకి వచ్చాడు. వకుళమ్మ గారు బల్ల మీద కూర్చుని ఉన్నారు. అతను ఎదురుగా నేల మీద కూలబడ్డాడు.

"నేను అబద్ధం చెప్పలేదమ్మా" అన్నాడు. "గింజ మంచిదే. ఆయన మాటా నిజమే. ఎక్కడ తప్పాను?" అతనే మళ్లీ అన్నాడు, కొంచెం తేరుకున్న గొంతుతో. "ఏదైతేనేం, కాలు దక్కింది. ప్రకటన తీసేయించాను. ఇక ఎక్కడా లేదు. అయిపోయింది."

ఆవిడ లేచారు. ఆసుపత్రి గుమ్మం దగ్గర పోగుపడ్డ చెప్పుల్లో తనవి కాలితో వెతుక్కోవడం మొదలుపెట్టారు.

"ఆ టీ కొట్టు పీరా ఇంట్లో బిళ్లలు పారేసింది ఎవరు నాయనా?"

సుధన్వకు తెలియదు.

"నేనూ అడగలేదు" అన్నారావిడ. "నీ చెప్పులు ఏవో చూసుకో."