మాగని ఎరువు

ఓబులక్క దర్గాకు రావడం మానేసింది. చమన్‌కు అన్నం సయించనివ్వని సంగతి అదే.

ఆమె ఒక్కగానొక్క కొడుకు క్వారీ గుంతలో మునిగి పోయాడు. పాతిపెట్టిన మర్నాడే వచ్చి దర్గా ముంగిట గడ్డి మీద కూలబడింది. గురువు ఖైరుల్లా బాబా ఆ రోజు ఊళ్ళో లేడు. ఇంకేం, శిష్యుడి నోరు ఊరుకుంటుందా!

"ఏడవకు అక్కా. ఇచ్చినోడే తీసుకున్నాడు. నీది కానిదానికి ఏడుపెందుకు?" అన్నాడు చమన్.

ఆమె అతని ముఖంలోకి చూసి, లేచి వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ క్వారీ గట్టు మీదే కూర్చుంటోందట. తిండి ముట్టడం లేదట.

"నేనన్నది మీరు చెప్పే మాటే కదా బాబా! అందులో తప్పేముంది?" అని ఊరి నుంచి తిరిగొచ్చిన గురువును అడిగాడు చమన్.

బాబా ముంగిలివైపు చూశాడు. "గడ్డి పాలిపోయింది నాయనా. కాస్త ఎరువు వెయ్యి."

చమన్ అంటే పచ్చికబయలని అర్థం. పేరు గొప్పే పాపం! దర్గా వెనక గుంతలో ఆకులూ పేడా కలిసి నల్లగా మాగిన ఎరువుంది. వాసన కూడా లేదు. "దీంట్లో సత్తువేముంటుంది?" అని పెదవి విరిచి, కోళ్ళ ఫారానికి పోయాడు. కళ్ళు మండే పచ్చి పెంట బస్తాలకెత్తి తెచ్చి, దట్టంగా చల్లి నీళ్ళు పెట్టాడు.

వారం తిరక్కుండా ముంగిలంతా మాడిపోయింది.

బాబా వంగి గుప్పెడు గడ్డి పీకాడు. వేళ్ళతో సహా ఊడొచ్చింది. దాన్ని చమన్ చేతిలో పెట్టాడు.

"ఎరువు చెడ్డదా నాయనా?"

"మంచిదే బాబా. కానీ పచ్చిది, మాగలేదు..."

ఆ మాట దగ్గరే చమన్‌కు ఓబులక్కతో తానన్నది గుర్తొచ్చింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. కాసేపటికి తువ్వాలు భుజాన వేసుకుని గబగబా బయల్దేరాడు.

"ఎక్కడికి?"

"ఓబులక్క దగ్గరికి. కాళ్ళు పట్టుకుంటా. ఈసారి ఆమెకు అర్థమయ్యేలా చెబుతా."

"అదీ పచ్చిదే," అన్నాడు బాబా.

రోజూలాగే గంజి చెంబు అందుకుని బాబా క్వారీ దారి పట్టాడు. నిండుగా పోయిన చెంబు నిండుగానే తిరిగొస్తోంది. అది ఎక్కడికి పోయొస్తోందో చమన్ ఇన్నాళ్ళూ అడిగిన పాపాన పోలేదు.

"నేనూ వస్తా బాబా," అన్నాడు చిన్నగా.

"రా. నోరు మాత్రం ఇక్కడే పెట్టి రా."