నాలుగో గాటు

అనగనగా ఒక సముద్రం, ఆ సముద్రం ఒడ్డున లవణపురమనే ఊరు. ఉప్పు పండని మడి లేదు, ఉప్పు బండి ఆగని వీధి లేదు.

ఆ ఊరి బండివాళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. ప్రతివాడికీ ఎద్దులను అదిలించే సొంత ముల్లుకర్ర ఉండాలి. వాడు చేసిన ప్రతి తప్పుకూ ఆ కర్ర మీద కత్తితో ఒక గాటు పెట్టేవారు. నాలుగో గాటు పడితే బండ్ల పెద్ద కర్రను విరిచేసేవాడు. కర్ర విరిగినవాడు ఇక జన్మలో బండి ఎక్కకూడదు.

పనికోసం వస్తే వర్తకులు పేరు అడిగేవారు కాదు. కర్ర తీసుకుని బొటనవేలితో తడిమి చూసేవారు. మనిషిని తెలుసుకోవడం కన్నా కర్రను తడమడం తేలిక కదా మరి.

పైడన్న కర్ర మీద మూడు గాట్లున్నాయి. తండ్రి బండితో పందెం వేసి, మలుపులో బోల్తా కొట్టి, ఎద్దు కాలు విరగ్గొట్టినందుకు ఒకటి. కల్లు తాగి బండిలో నిద్రపోతే ఎద్దులు ఎవరి చేనో మేసేసినందుకు ఒకటి. సుంకం భటుడు నోరు జారితే వాడి మీద చెయ్యి చేసుకున్నందుకు మూడోది. దానికి ఏడాది చెరసాల కూడా పడింది.

చెరసాల నుంచి వచ్చేసరికి తండ్రి బండీ లేదు, ఎద్దులూ లేవు. భార్య గున్నమ్మ ఉప్పుమడుల్లో కూలికి పోతోంది. పైడన్నకు బండి తోలడం తప్ప మరో విద్య రాదు. ఒకరి దగ్గర కొలువుకు చేరడం మాత్రం ఎన్నడూ ఎరగడు. కొండసీమకు ఏటా వెళ్లే ఉప్పు బండ్ల బిడారు మూడు రోజుల్లో కదులుతుంది. అది తప్పిపోతే మళ్లీ ఏడాది ఆగాలి.

మొదటి రోజు ఒక వర్తకుడి దగ్గరికి వెళ్లాడు. గాట్లు కనబడకుండా కర్రను పిడికిలితో బిగించి పట్టుకున్నాడు. వర్తకుడు నవ్వి, ఆ వేళ్లను ఒక్కొక్కటే విప్పి చూసి, దారి చూపించాడు.

రెండో రోజు ఇంకొకడి దగ్గరికి వెళ్లాడు. ఈసారి దాచలేదు, వంకలు చెప్పాడు. పందెంలో తప్పు ఎద్దుదన్నాడు, చేను విషయంలో తప్పు కంచె వెయ్యని రైతుదన్నాడు, దెబ్బ విషయంలో తప్పు భటుడి నోటిదన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వాలకం అని ఆ వర్తకుడు కూడా పొమ్మన్నాడు.

ఆ సాయంత్రం గున్నమ్మ గంజి పోస్తూ అంది: "దాచి చూశావు మావా, వంకలు పెట్టి చూశావు. ఇంక మిగిలింది నిజమే."

మూడో రోజు పైడన్న అక్కమ్మ ఇంటికి వెళ్లాడు. పన్నెండు బండ్లున్న ఉప్పు వర్తకురాలామె. గాట్లు పైకి కనబడేలా కర్రను ఆమె ముందు పెట్టాడు.

"మూడూ నావేనమ్మా. ఎద్దు బలం ఎద్దుకే తెలుసని మొదటిది నేర్పింది. కల్లు తాగిన నాడు కాడి ముట్టుకోకూడదని రెండోది నేర్పింది. మాటకు మాటే జవాబు గాని చెయ్యి కాదని మూడోది నేర్పింది."

అక్కమ్మ కర్రను తడమనే లేదు. అతని ముఖంలోకి చూసింది.

"ఖరీదైన చదువే చదివావు నాయనా. పన్నెండో బండి తోలు."

పన్నెండో బండి అంటే పదకొండు బండ్ల దుమ్ము తినాలి. పైడన్న దాన్ని పండగ భోజనంలా తిన్నాడు.

బిడారుకు నాయకుడు సూరన్న. ముప్పై ఏళ్లుగా బండి తోలుతున్నా అతని కర్ర మీద ఒక్క గాటు లేదు. ఆ నునుపు చూసుకుని మురిసిపోవడం అతనికి అలవాటు.

నాలుగు రోజులు నడిచి బండ్లు కొండమీదికి చేరాయి. ఎండల కాలమే అయినా కొండమీద ఆ రాత్రంతా మంచు కురిసింది. తెల్లవారి కొండ దిగాలి. వానాకాలమైతే బండి జోరు ఆపడానికి వెనక బరువైన దుంగ కట్టి ఈడ్పిస్తారు. ఎండల కాలంలో అక్కర్లేదని సూరన్న బండ్లను కదలమన్నాడు.

అందరికన్నా వెనక ఉన్నవాడికే ముందు బండ్ల జాడ కనబడుతుంది. చక్రాల గాడి నిన్నటికన్నా లోతుగా దిగుతోందని పైడన్న గమనించాడు. ఉప్పు మంచు పీల్చి బరువెక్కిందని అర్థమైంది. పరుగున ముందుకు వెళ్లి, ఈ బరువు ఎద్దులు ఆపలేవు, దుంగలు కట్టిద్దామని చెప్పాడు.

మూడు గాట్లవాడు నాకు దారి చెప్పడమా అన్నాడు సూరన్న. చెరసాల కూడు తెలివి పెంచిందని ఇంకెవడో అన్నాడు. అందరూ నవ్వారు. పైడన్న పిడికిలి బిగిసింది. మెల్లగా విప్పుకున్నాడు. దుంగ కట్టకుండా నా ఎద్దులను దించను అన్నాడు.

నాయకుడి మాట కాదనడం కూడా గాటు పడే తప్పే. దారిలో ఆ గాటు పెట్టే అధికారం నాయకుడిదే. సూరన్న కత్తి తీశాడు.

"ఇది నాలుగోది. తెలుసుగా?"

పైడన్నకు గున్నమ్మ గుర్తొచ్చింది. అయినా కర్ర చాపాడు.

"తెలుసు, పెట్టండి. ఎద్దుల మెడలు విరగడం కన్నా నా కర్ర విరగడం మేలు."

గాటు పడింది. పైడన్న అడవిలోకి పోయి దుంగ కొట్టి భుజాన వేసుకుని వచ్చేసరికి, ఎలా దిగాలో చూపిస్తానని సూరన్న తన బండి కదిలించాడు. ముప్పై బారలు పోయాడో లేదో, బండి ఎద్దులను తోసెయ్యడం మొదలుపెట్టింది. కాడి మెడల మీంచి పైకి లేచింది. గిట్టలు జారుతున్నాయి. పక్కన లోయ. పైడన్న దుంగతో సహా దూకుతూ పరుగెత్తి, బండిని దాటి, దుంగను చక్రాల ముందు అడ్డంగా పడేశాడు. లోయ అంచుకు రెండు మూరల దూరంలో బండి ఆగింది.

నవ్వినవాళ్లే ముందుగా గొడ్డళ్లు తీసుకుని అడవిలోకి నడిచారు. పన్నెండు బండ్లూ దుంగలు ఈడ్చుకుంటూ క్షేమంగా దిగాయి.

బిడారు తిరిగి వచ్చాక బండ్ల పెద్ద అందరి కర్రలూ చూశాడు. పైడన్న కర్ర మీద నాలుగు లెక్కపెట్టాడు. కట్టుబాటు కట్టుబాటే అని కర్రను మోకాలికి ఆనించాడు. పైడన్న సూరన్న మీద ఒక్క మాటా చెప్పలేదు, తల మాత్రం వంచుకోలేదు.

అప్పుడు సూరన్న ముందుకొచ్చాడు. ముప్పై ఏళ్ల నున్నటి కర్రను చాపాడు.

"ఆ నాలుగోది నేను గర్వంతో పెట్టింది. తప్పు నాది. గాటు నా కర్ర మీద పెట్టు."

కొండమీద జరిగినదంతా అతనే పూసగుచ్చినట్టు చెప్పాడు. పెద్ద సూరన్న కర్ర మీద మొదటి గాటు పెట్టాడు. పైడన్న నాలుగో గాటు తప్పు కాదు, బిరుదు అని తీర్పు చెప్పి కర్రను అతని చేతికిచ్చాడు.

మరుసటి ఏడు అక్కమ్మ పైడన్నను మొదటి బండి తోలమంది. రెండో బండి నేను తోలతానని సూరన్న తనంత తానే అడిగాడు. బిడారు కదులుతుంటే గున్నమ్మ వీధిలో నిలబడి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ కూడా, ఆ ముందు బండి మా ఆయనదే అని చెప్పింది.

పిల్లలూ, తప్పే ఎరగనని విర్రవీగేవాడి కన్నా, చేసిన తప్పు ఒప్పుకుని బుద్ధి తెచ్చుకున్నవాడే నమ్మదగినవాడు.