శుభవార్తల కొలువు

ఒకానొక రాజ్యంలో ధరణీంద్రుడనే రాజు ఉండేవాడు. ఆయన కొలువులో ఒక వింత కట్టడి. శుభవార్త తప్ప మరో మాట పలకరాదు. పలికితే చెరసాలే!

పెద్దచెరువుకు కాపలా ఉండే నీరుగంటి ఈరప్ప, పాపం, ఆ సంగతి మరిచాడు. "దొరా, చెరువుకట్టకు బుంగ పడింది. వానొస్తే ఊరు మునిగిపోతాది!" అన్నాడు. అంతే, చేతులకు సంకెళ్ళు పడ్డాయి.

ఆకాశమా, నల్లగా మూసుకొస్తోంది. విదూషకుడు అక్కలభట్టు ఒకసారి మబ్బుల వైపు, ఒకసారి సంకెళ్ళ వైపు చూశాడు. ఈరప్ప బయటికి రావాలి, బుంగ పూడాలి. ఎలా?

అప్పుడే రాజు మీసం దువ్వుతూ, "చెరువు నడుమ దిబ్బ మీద ఆ పాడుపడ్డ పట్నం చూశారా? ఎన్నెన్ని మేడలో! అంత వైభవం ఎందుకు కూలిందంటారు?" అన్నాడు.

"గ్రహబలం చాలక ప్రభూ," అన్నాడు మంత్రి సోమరాజు.

"ఆ కారణం ఏలినవారి నోటితోనే పలికిస్తాను," అన్నాడు భట్టు. "పదండి, పడవెక్కి ఆ దిబ్బకే పోదాం. పలికిస్తే మాత్రం ఈరప్పను వదిలెయ్యాలి."

"పలికించలేకపోయావో, వాడి పక్కనే నీకూ చాప వేయిస్తాం!"

భట్టు ముందుగా రేవుకు ఉరికి, పడవవాడు పోలయ్య చెవిలో ఏదో ఊదాడు.

పడవ కదిలింది. కాసేపటికి రాజు పాదాలు చల్లబడ్డాయి.

"మంత్రీ, ఏమిటీ తడి?"

మంత్రి వంగి చూశాడు. అమ్మో, చిల్లు! బుడబుడా నీళ్ళు! చెబుదామంటే అది చెడువార్తాయె. "గంగమ్మతల్లి తమ పాదాలు కడుగుతోంది ప్రభూ!"

రాజు మురిసిపోయాడు. నీళ్ళు పిక్కలకొచ్చాయి.

"పోలయ్యా, ఏమిట్రా ఇది?"

"అంతా శుభమే దొరా!"

మోకాళ్ళకొచ్చాయి. "భట్టూ!"

"శుభమే ప్రభూ! పడవ బరువెక్కింది, రాజ్యలక్ష్మి వచ్చి కూర్చున్నట్టుంది."

పడవ ఒక పక్కకు ఒరిగింది. రాజు కిరీటం పట్టుకుని కేక పెట్టాడు. "ఓరి దుర్మార్గుల్లారా, మునిగిపోతున్నాం! అందరికీ తెలిసీ ఒక్కడూ చెప్పడేం? ఇట్లాగైతే రాజ్యాలే మునిగిపోతాయి!"

"పలికారు! ప్రభువు పలికారు!" అంటూ భట్టు నీళ్ళలోకి దూకాడు. చూద్దురు కదా, నీళ్ళు నడుము దాకానే! "మెరక చూసుకునే చిల్లు తీయించాను ప్రభూ. ఇక్కడ నడుములోతే. కట్ట తెగితే మన వీధుల్లో తాటిచెట్టంత లోతు. ఆ పట్నంలోనూ బుంగ చూసినవాడు ఒకడు ఉండే ఉంటాడు. వాణ్ణి ఏ చెరలో వేశారో!"

ఇంతలో రాజు ముక్కు మీద టప్పున ఒక చినుకు పడింది.

"ఈరప్పను విడిపించండి! పారలు తెండి, తట్టలు తెండి! మంత్రితో సహా అందరూ కట్ట మీదికి!"

పొద్దు గూకేలోగా బుంగ పూడింది. వాన దంచి కొట్టింది, కట్ట నిలిచింది.

మర్నాడు రాజు కొలువులో ఈరప్పకు ముందు వరసలో పీట వేయించి, కట్టడి కొట్టేయించి, నిన్న పడవలో తాను కప్పుకున్న పట్టుశాలువ భట్టు భుజాల మీద కప్పాడు. భట్టు దాన్ని తడిమి చూసి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, ఒక చెడువార్త. శాలువ ఇంకా ఆరలేదు."

రాజు సింహాసనం మీద పడీ పడీ నవ్వాడు. "మంత్రీ, ఇంకొకటి తెప్పించు! ఈసారి పొడిదో తడిదో నిజం చెప్పి మరీ ఇవ్వు!"